అహకిస్టా తీరంలో పరామర్శ

ఐర్లండ్ నైరుతి మూలన, కార్క్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా వంటి పరిపాలనా విభాగం), అట్లాంటిక్ మహాసముద్రంలోకి పొడవుగా చొచ్చుకుపోయిన రాతి ద్వీపకల్పాలలో షీప్స్ హెడ్ ఒకటి. దానికి ఒక పక్క బాంట్రీ అఖాతం, మరో పక్క డన్మానస్ అఖాతం ఉండగా, డన్మానస్ వైపు ఒడ్డున అహకిస్టా అనే చిన్న ఊరు ఉంది. చేపల వేట, పశుపోషణ, వేసవిలో వచ్చే విహారయాత్రికులు తప్ప చరిత్ర పుస్తకాలలో చెప్పుకోదగ్గ ప్రత్యేకత ఏదీ లేని ఆ ఊళ్లో ఏటా జూన్ 23 ఉదయం సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక చిన్న తోటలో జనం గుమిగూడుతారు. 8 గంటల 13 నిమిషాలకు మౌనం పాటిస్తారు, పూలగుచ్ఛాలు ఉంచుతారు, ప్రార్థనలు చేస్తారు. వారు స్మరించుకునే 329 మందిలో ఆ ఊరివారు గానీ ఆ కౌంటీవారు గానీ ఒక్కరూ లేరు. కెనడాలో బయలుదేరి భారతదేశానికి వస్తూ దారిలో బాంబుదాడికి బలైన ఆ ప్రయాణికులలో అత్యధికులు భారత సంతతివారు. ఏ బంధుత్వమూ లేని ఆ మృతులకు ఒక పల్లె దశాబ్దాల తరబడి ఇంటివారికి చేసినట్లు నివాళి అర్పిస్తూ ఉండగా, ఆ మృతులలో అత్యధికులు ఏ దేశపు పౌరులో ఆ దేశ ప్రభుత్వం వారిని తనవారుగా గుర్తించడానికి ఇరవై ఏళ్లు, క్షమాపణ కోరడానికి పాతికేళ్లు పట్టాయి. ఉగ్రవాద దాడి తరువాత దేశాల మధ్య, ప్రజల మధ్య వ్యక్తమయ్యే సంతాపం, సంఘీభావం అనే ఆచారాలను అర్థం చేసుకోవడానికి ఈ రెండు ప్రవర్తనలను పక్కపక్కన పెట్టి చూడడం అవసరం.

1985 జూన్ 22న కెనడాలోని టొరంటో నుంచి, ఆ తరువాత మాంట్రియల్ నుంచి ప్రయాణికులను ఎక్కించుకుని లండన్ మీదుగా ఢిల్లీకి, బొంబాయికి రావలసిన ఎయిర్ ఇండియా 182వ నంబరు విమానానికి కుషాను చక్రవర్తి పేరిట ‘కనిష్క’ అని పేరు పెట్టారు. కెనడా పడమటి తీరంలోని వాంకూవర్‌లో ఒక వ్యక్తి ‘ఎం. సింగ్’ అనే పేరుతో సామాను అప్పగించి, తాను మాత్రం విమానం ఎక్కలేదు. బాంబు దాచిన ఆ పెట్టె టొరంటోలో కనిష్కలోకి చేరింది. జూన్ 23 ఉదయం, ఐర్లండ్ తీరానికి సుమారు 190 కిలోమీటర్ల దూరంలో 31,000 అడుగుల ఎత్తున ఎగురుతూ ఉండగా ఆ పెట్టె పేలింది. షానన్ విమాన నియంత్రణ కేంద్రం రాడార్ తెర మీద నుంచి విమానం గుర్తు మాయమైంది. 307 మంది ప్రయాణికులు, 22 మంది సిబ్బంది, మొత్తం 329 మందిలో ఒక్కరూ బతకలేదు. మృతులలో 268 మంది కెనడా పౌరులు, 27 మంది బ్రిటిష్ పౌరులు, 24 మంది భారత పౌరులు. వేసవి సెలవులకు తాతల ఇళ్లకు బయలుదేరిన కుటుంబాలు అనేకం ఉండడం వల్ల చనిపోయినవారిలో 80 మందికి పైగా చిన్నపిల్లలే. దాదాపు గంట ముందు జపాన్‌లోని నరిటా విమానాశ్రయంలో, మరో ఎయిర్ ఇండియా విమానంలోకి మార్చవలసిన ఒక పెట్టె పేలి సామాను మోసే ఇద్దరు జపాన్ కార్మికులు మరణించారు. 1984 జూన్‌లో అమృత్‌సర్ స్వర్ణదేవాలయంలో జరిగిన సైనిక చర్యకు ప్రతీకారంగా, ప్రత్యేక ఖలిస్తాన్ రాజ్యాన్ని కోరే తీవ్రవాదులు కెనడా గడ్డ మీదే పన్నిన కుట్ర ఇది. 2001 సెప్టెంబరు దాకా పౌర విమానయానం మీద జరిగిన ఉగ్రదాడులలో ఇంతమంది ప్రాణాలు తీసినది మరొకటి లేదు.

ప్రమాద సంకేతం అందగానే ముందుగా అక్కడికి చేరింది డబ్లిన్ వైపు వెళుతున్న లారెన్షియన్ ఫారెస్ట్ అనే సరుకు ఓడ. దానిలోని నావికులు రక్షణ కార్యక్రమాలకు ప్రత్యేక శిక్షణ పొందినవారు కారు. బతికినవారు ఎవరైనా దొరుకుతారన్న ఆశతో వారు చిన్న పడవ దించుకుని శకలాల మధ్యకు వెళ్లి, దొరికిన దేహాలను తమ చేతులతో పైకి లాగారు. ఆ తరువాత ఐరిష్ నౌకాదళానికి చెందిన ఐష్లింగ్ గస్తీ నౌక వచ్చి అక్కడి గాలింపు బాధ్యత తీసుకుంది. బ్రిటన్ నుంచి సైనిక హెలికాప్టర్లు, వాలెన్షియా రేవు నుంచి స్వచ్ఛంద సేవకులు నడిపే ప్రాణరక్షక పడవ వచ్చి చేరాయి. ఎత్తైన అలల మీద ఊగిసలాడే రబ్బరు పడవల అంచున వంగి, నీటితో బరువెక్కిన దేహాన్ని జారిపోకుండా పట్టుకుని, మరొకరి సాయంతో లోపలికి చేర్చి, నౌక డెక్కు మీద వరుసగా పడుకోబెట్టి, ముఖం మీద గుడ్డ కప్పడం అనే పనిని ఆ నావికులు గంటల తరబడి చేశారు. అందులో పసిపిల్లల దేహాలను ఎత్తవలసి వచ్చినవారు ఆ దృశ్యాన్ని జీవితాంతం మోశారు. రెండు దశాబ్దాల తరువాత కెనడా విచారణ సంఘం ఎదుట సాక్ష్యం చెప్పడానికి వచ్చిన లారెన్షియన్ ఫారెస్ట్ నావికుల మాటల్లో ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. సముద్రం తిరిగి ఇచ్చినది సుమారు 130 మంది దేహాలను మాత్రమే. మిగిలిన దాదాపు 200 మందికి ఆ సముద్రమే సమాధి అయింది.

వెలికితీసిన దేహాలను కార్క్ నగరంలోని ప్రాంతీయ ఆసుపత్రికి తరలించగా, అంతమంది మృతులను ఉంచడానికి అక్కడి శవాగారం చాలక ఆసుపత్రి వ్యాయామశాలను తాత్కాలిక శవాగారంగా మార్చారు. వైద్యులు రోజుల తరబడి విరామం లేకుండా శవపరీక్షలు చేశారు. కెనడా నుంచి, భారతదేశం నుంచి, బ్రిటన్ నుంచి వందలాది బంధువులు ఆ చిన్న నగరానికి చేరుకున్నప్పుడు వారికి ఎదురైన పని లోకంలో ఏ తల్లికీ తండ్రికీ రాకూడనిది: ముందుగా మృతుల ఫొటోల వరుసను చూసి తమవారిని గుర్తుపట్టడం, ఆ తరువాత దేహం దగ్గరికి వెళ్లడం. దేహం దొరకనివారి బంధువులకు ఆ మాత్రం ఊరట కూడా దక్కలేదు. నర్సులు, పోలీసులు, సామాజిక కార్యకర్తలు, క్రైస్తవ సన్యాసినులు ఆ కుటుంబాల వెంటే ఉన్నారు. శవాగారం గుమ్మం దాటేటప్పుడు భుజం పట్టుకుని నడిపించినవారు, కాగితాలు నింపిపెట్టినవారు, ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నవారు ఆ తరువాత బాధితులు ఇచ్చిన వాంగ్మూలాలన్నిటా కనిపిస్తారు. కార్క్ ప్రజలు ముక్కూమొహం తెలియని ఆ అతిథులను ఇళ్లకు పిలిచి భోజనం పెట్టారు, వాహనాల్లో తీసుకువెళ్లి సముద్రం చూపించారు. తెలుగునాట చావు జరిగిన ఇంటికి వెళ్లి, ఫలానా మాట చెప్పాలన్న నియమం లేకుండా, కాసేపు కూర్చుని రావడాన్ని పరామర్శ అంటారు. అక్కడ ఇల్లు లేదు, పరామర్శించవలసినవారే పరాయి ఊళ్లో ఉన్నారు గనుక ఊరంతా ఆ పరామర్శకు ఇల్లయింది.

కార్క్ కౌంటీ ప్రజలు ఇలా ప్రవర్తించడం ఆ ఒక్క వారంలో పుట్టిన ఉదారత అనుకుంటే ఆ తీరం చరిత్రను తక్కువ చేసినట్టవుతుంది. 1915 మే 7న జర్మన్ జలాంతర్గామి ప్రయోగించిన టార్పీడో తగిలి లుసిటానియా ప్రయాణికుల నౌక ఇదే కౌంటీలోని కిన్సేల్ సమీపాన మునిగిపోయినప్పుడు దాదాపు 1,200 మంది మరణించారు. ఒడ్డుకు చేరిన దేహాలను అప్పట్లో క్వీన్స్‌టౌన్ అని పిలిచిన కోవ్ రేవు పట్టణం స్వీకరించి, పేరు తెలిసినవారినీ తెలియనివారినీ అక్కడి పాత శ్మశానంలో సామూహిక సమాధులలో ఖననం చేసింది. ఆ సమాధులు నేటికీ అక్కడ ఉన్నాయి. 1979 జనవరి 8న అహకిస్టాకు కొండ అవతల ఉన్న బాంట్రీ అఖాతంలోనే, విడ్డీ దీవి చమురు రేవు వద్ద బెతెల్‌గ్యూజ్ అనే ఫ్రెంచి ట్యాంకరు పేలి 50 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఫ్రాన్స్ దేశస్థులు. కనిష్క కూలేనాటికి ఆ దుర్ఘటన జరిగి ఏడేళ్లయినా కాలేదు. సముద్రంలో పోయినవాడి కోసం ఒడ్డున ఎదురుచూడడం అంటే ఏమిటో, దేహం దొరకడానికీ దొరకకపోవడానికీ మధ్య తేడా ఏమిటో చేపల వేట మీద బతికే ఆ కుటుంబాలకు ఒకరు చెప్పవలసిన పని లేదు. దీనికి తోడు ఐరిష్ సమాజంలో ‘వేక్’ అనే జాగరణ ఆచారం బలమైనది: మనిషి చనిపోయిన రాత్రి దేహాన్ని ఒంటరిగా వదలకుండా ఇరుగుపొరుగు వచ్చి తెల్లవార్లూ కూర్చుంటారు, అంత్యక్రియలకు వెళ్లడం పరిచయం ఉన్న ప్రతివారూ తమ విధిగా భావిస్తారు. 1985 జూన్‌లో ఆ ఆచారమే పరాయి మతస్థులకు, పరాయి రంగువారికి విస్తరించింది.

దూరదేశపు సానుభూతిని అందుకున్న అనుభవం కూడా ఐర్లండ్‌కు ఉంది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మొదలైన మహాక్షామంలో సుమారు పది లక్షల మంది మరణించగా, ఆ దేశానికి ముందుగా అందిన విరాళాలలో ఒకటి కలకత్తా నగరం నుంచి వచ్చింది. అక్కడి ఐరిష్ సైనికులు, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు మొదలుపెట్టిన ఆ నిధికి భారతీయులూ ఇచ్చారు. మొత్తం దాదాపు 14,000 పౌండ్లు పోగయింది. 1847లో అమెరికాలోని చోక్టా ఆదివాసులు, తమ సొంత నేల నుంచి తరిమివేతకు గురై వేలమందిని పోగొట్టుకుని పట్టుమని రెండు దశాబ్దాలు గడవకముందే, ఐరిష్ క్షామ బాధితుల కోసం చందాలు వేసుకుని డబ్బు పంపారు. ఆ సాయానికి గుర్తుగా కార్క్ కౌంటీలోని మిడిల్‌టన్‌లో తొమ్మిది ఉక్కు ఈకలతో నిలబెట్టిన శిల్పాన్ని 2017లో చోక్టా ప్రతినిధుల సమక్షంలో ఆవిష్కరించారు. 170 ఏళ్ల కిందటి ఒక చందాను మరిచిపోని సమాజం మరణించిన అపరిచితులను గుర్తుపెట్టుకోవడంలో వింత లేదు.

ప్రజల పరామర్శకు ఇటువంటి వేళ్లుండగా, ప్రభుత్వాల సంతాపానిది వేరే చరిత్ర. జెండాను స్తంభం కొస నుంచి కిందికి దించి నిలపడం, అంటే అర్ధ అవనతం చేయడం, ఓడల నుంచి వచ్చిన ఆచారం. 1612లో ఉత్తర సముద్రాలకు వెళ్లిన హార్ట్స్ ఈజ్ అనే ఇంగ్లీషు ఓడ, చనిపోయిన తన కెప్టెను కోసం జెండా కిందికి దించుకుని తిరిగివచ్చిందన్నది దీనికి తరచూ చెప్పే తొలి ఉదాహరణ. సభలో లేచి నిలబడి మౌనం పాటించే పద్ధతి ఇంకా కొత్తది. అధికారికంగా నమోదైన తొలి సందర్భాలలో ఒకటి 1912 ఫిబ్రవరిలో పోర్చుగల్ సెనేట్ పాటించిన 10 నిమిషాల మౌనం. అది బ్రెజిల్ విదేశాంగ మంత్రి రియో బ్రాంకో మృతికి సంతాపంగా పాటించినది. ఈ ఆచారం దాని మొదటి అడుగుల్లోనే పరదేశీయుడి కోసం పాటించినది కావడం గమనించదగ్గ విషయం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదికి, 1919 నవంబరు 11న బ్రిటిష్ సామ్రాజ్యమంతటా రెండు నిమిషాల మౌనం పాటించడంతో అది లోకాచారమైంది. వీటికి రాయబార కార్యాలయాల్లో సందర్శకులు సంతకం చేసే సంతాప పుస్తకం, ఒక ప్రభుత్వాధినేత మరొక ప్రభుత్వాధినేతకు పంపే తంతి సందేశం, ఆ తరువాతి కాలంలో ఫోన్ సంభాషణ తోడయ్యాయి. రాజ్యాల మధ్య సంతాపం ఎప్పుడూ ఒక చిరునామాకు వెళుతుంది కనుక, సందేశం పంపే ముందు ‘చనిపోయినవారు ఎవరివారు’ అన్న ప్రశ్నకు ప్రభుత్వం జవాబు చెప్పుకోక తప్పదు.

ఆ ప్రశ్నకు 1985లో కెనడా తప్పు జవాబు చెప్పుకుంది. కనిష్క కూలిన వార్త అందిన తరువాత అప్పటి కెనడా ప్రధాని బ్రయన్ మల్రోనీ, భారత ప్రధాని రాజీవ్ గాంధీకి ఫోన్ చేసి సానుభూతి తెలిపారు. మర్యాద ప్రకారం అది లోపం లేని పనే. విమానం భారత ప్రభుత్వ సంస్థది, మృతులలో భారతీయులూ ఉన్నారు. అయితే మృతులలో అయిదింట నాలుగు వంతుల మంది కెనడా పౌరులు, అక్కడి బళ్లలో చదివే పిల్లలు, అక్కడి ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో పనిచేసే పెద్దలు. వారి కుటుంబాలు టొరంటోలో, మాంట్రియల్‌లో తమ ఇళ్లలో దుఃఖంలో ఉండగా తమ దేశపు సంతాపం మహాసముద్రం దాటి ఢిల్లీకి వెళ్లడం వారికి మరో దెబ్బ అయింది. కార్క్‌లో భారత అధికారులు, ఐరిష్ అధికారులు కనిపించినంతగా తమ సొంత దేశపు అధికారులు కనిపించలేదని ఆ కుటుంబాలు తరువాతి కాలంలో పదేపదే చెప్పాయి. బెంగాలీ మూలాలున్న రచయిత్రి భారతీ ముఖర్జీ, ఆమె భర్త క్లార్క్ బ్లేజ్ బాధిత కుటుంబాలను కలిసి, ఐర్లండ్ వెళ్లి, 1987లో ప్రచురించిన పుస్తకంలో ఈ సంగతిని సూటిగా రాశారు: ఇది కెనడా విషాదమని కెనడా గుర్తించలేదు. ముఖర్జీ ఆ మరుసటి ఏడాది అదే విషాదం మీద రాసిన కథ నేడు అనేక విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాంశం.

ఆ విమానంలోని భారత పౌరుల్లో తెలుగువారు ఎంతో గౌరవించే శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ ఒకరు. 1922లో తెనాలి సమీపంలోని యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టిన ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో తోళ్ల రసాయనశాస్త్రంలో పరిశోధన చేసి, మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. తోళ్ల పనిని అంటరాని పనిగా చూసే సమాజంలో పుట్టి, ఆ వృత్తిదారుల చెప్పుల తయారీకి, వారి సంపాదనకు, వారి గౌరవానికి ప్రయోగశాల విద్యను జోడించిన మనిషి ఆయన. 1971లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్‌గా, ఆ తరువాత ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. కెనడా నుంచి తిరిగివస్తూ కనిష్కలో మరణించేనాటికి ఆయనకు ఇంకా 63 ఏళ్లు నిండలేదు. ఆయన పేరిట తెనాలిలో ఒక ట్రస్టు శాస్త్రవేత్తలకు పురస్కారం ఇస్తూ వస్తోంది. తెలుగులో ఆయన జీవితం గురించి రాసినవాటిలో ఆ మరణాన్ని చాలాచోట్ల విమాన ప్రమాదంగా పేర్కొనడం మాత్రం సరిదిద్దుకోవలసిన విషయం. సముద్రగర్భంలో సుమారు రెండు కిలోమీటర్ల లోతు నుంచి వెలికితీసిన శకలాలను, విమాన రికార్డర్లను పరిశీలించి, న్యాయమూర్తి బి. ఎన్. కృపాల్ నాయకత్వంలోని భారత విచారణ సంఘం 1986లోనే ఇది బాంబు పేలుడని తేల్చింది. నాయుడమ్మ హత్యకు గురయ్యారు.

హంతకులకు శిక్ష పడడంలో కూడా ఆ కుటుంబాలకు న్యాయం దక్కలేదు. బాంబుల తయారీకి సహకరించిన ఇంద్రజిత్ సింగ్ రేయత్ ఒక్కడే దోషిగా తేలాడు. 2005 మార్చి 16న వాంకూవర్ కోర్టు మిగతా ఇద్దరు నిందితులను సాక్ష్యాలు చాలవని విడుదల చేసింది. కెనడా గూఢచారి సంస్థ తాను రహస్యంగా రికార్డు చేసిన సంభాషణల టేపులను ఎన్నింటినో చెరిపివేసిందన్న సంగతి బయటపడింది. ఆ తీర్పు రేపిన ఆగ్రహం మధ్య ఆ ఏడాది జూన్‌లో, 20వ వర్ధంతికి, కెనడా ప్రధాని పాల్ మార్టిన్ అహకిస్టాకు వచ్చి ఐర్లండ్ అధ్యక్షురాలు మేరీ మెకలీస్ పక్కన నిలబడి, బాధిత కుటుంబాల సమక్షంలో ఇది కెనడా విషాదమని చెప్పారు. జూన్ 23ను ఉగ్రవాద బాధితుల జాతీయ స్మృతి దినంగా కెనడా ప్రకటించినదీ అప్పుడే. మాజీ న్యాయమూర్తి జాన్ మేజర్ అధ్యక్షతన 2006లో ఏర్పాటైన విచారణ సంఘం, మిగతా పనులన్నిటికంటే ముందు కుటుంబాల వాంగ్మూలాలు విని, 2007లో ఆ జ్ఞాపకాలకే ఒక సంపుటాన్ని కేటాయించింది. 2010 జూన్‌లో వెలువడిన తుది నివేదిక, ప్రభుత్వ విభాగాల వరుస పొరపాట్ల వల్లనే ఆ కుట్ర నెరవేరిందనీ, ఆ తరువాత బాధితులను ప్రభుత్వం చులకనగా చూసిందనీ నిర్ధారించింది. అదే నెల 23న టొరంటోలో ప్రధాని స్టీఫెన్ హార్పర్ ఆ కుటుంబాలను ప్రభుత్వం తరఫున క్షమాపణ కోరారు. టొరంటోలోనూ వాంకూవర్‌లోనూ స్మారకాలు నిర్మించినది 2007లో, అంటే అహకిస్టా స్మారకం వెలసిన 21 ఏళ్లకు.

అహకిస్టాలో ఆ పని జరిగినది మొదటి వర్ధంతి నాడే. కార్క్ శిల్పి కెన్ థాంప్సన్ చెక్కిన రాతి నీడగడియారాన్ని 1986 జూన్ 23న సముద్రానికి అభిముఖంగా నెలకొల్పారు. నీడగడియారం అంటే ఎండ పడినప్పుడు మధ్యలోని కమ్మీ నీడను బట్టి వేళ చెప్పే పలక. దాని చుట్టూ తోట, మృతుల పేర్లు చెక్కిన రాయి ఉన్నాయి. ఒక స్మారకాన్ని ఆవిష్కరించడం సులభం. దాన్ని ఏళ్ల తరబడి చూసుకోవడంలోనే సంతాపం నిజమా కాదా అన్నది తేలుతుంది. గడ్డి కోయడం, మొక్కలకు నీళ్లు పెట్టడం, ఉప్పుగాలికి మసకబారిన రాతిని శుభ్రం చేయడం, జూన్ నెల వచ్చేసరికి దూరం నుంచి వచ్చేవారికి బస ఏర్పాటు చేయడం అన్న పనులను స్థానికులు, కౌంటీ పాలకవర్గం కలిసి చేస్తున్నారు. మొదటి ఏళ్లలో తమ బిడ్డల కోసం వచ్చిన తల్లిదండ్రులు వృద్ధులై కొందరు గతించగా, వారి తోబుట్టువులు, మనుమలు వస్తున్నారు. ఆతిథ్యం ఇచ్చే ఇళ్లలోనూ తరం మారింది. రెండు వైపులా పెళ్లిళ్లకు, చావులకు కబురు పంపుకునేంత బంధుత్వం ఏర్పడింది. వేద మంత్రాలు, సిక్కుల ప్రార్థన, క్రైస్తవ ప్రార్థన ఒకే ఒడ్డున వినిపించడం అక్కడివారికి ఇప్పుడు కొత్త కాదు. చంపినవారు మతం పేరు చెప్పుకున్న దాడిలో చనిపోయినవారిలో హిందువులతో పాటు సిక్కులు, ముస్లింలు, క్రైస్తవులు, పార్సీలు కూడా ఉన్నారని ఆ ప్రార్థనలు ఏటా గుర్తుచేస్తాయి.

ఆ తరువాతి కాలపు దాడుల సందర్భంలో సంఘీభావం కొత్త రూపాలు తీసుకుంది. 2001 సెప్టెంబరు 11న అమెరికా మీద జరిగిన దాడుల తరువాత లండన్ రాజభవనం ముందు కాపలా మార్పిడి వేళ ఎలిజబెత్ రాణి ఆదేశంపై అమెరికా జాతీయగీతం వాయించారు. ఐర్లండ్ సెప్టెంబరు 14ను జాతీయ సంతాప దినంగా పాటించి కార్యాలయాలు, బళ్లు మూసివేసింది. కెనడాలోని గాండర్ అనే చిన్న పట్టణం, దారి మళ్లిన 38 విమానాల ప్రయాణికులకు, తన జనాభాలో దాదాపు మూడింట రెండు వంతులకు సమానమైన వేలాది మందికి, రోజుల తరబడి తిండిపెట్టి బస ఇచ్చింది. కెన్యాలోని ఎనూసాయెన్ అనే మసాయి పల్లె 2002 జూన్‌లో అమెరికా ప్రతినిధికి 14 ఆవులను కానుకగా ఇచ్చింది. పశువే సర్వస్వమైన మసాయిల ఆచారంలో దుఃఖంలో ఉన్నవారికి ఆవునివ్వడం కంటే పెద్ద ఓదార్పు లేదు. వాటిని అమెరికాకు తరలించడం వీలుకాక ఆ పల్లెలోనే ఉంచి పెంచారు. ఇటీవలి సంవత్సరాలలో దాడి జరిగిన దేశపు జెండా రంగులను పెద్ద కట్టడాల మీద దీపకాంతులతో చూపడం వాడుకైంది. ఒక రాత్రికి అది ఊరట కావచ్చునేమో గానీ, శవాగారం గుమ్మంలో భుజం పట్టుకున్న చేతితో దానికి పోలిక లేదు.

1985లో కెనడా చేయని పనిని 2019లో న్యూజిలాండ్ చేసింది. మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ నగరంలోని రెండు మసీదుల్లో శుక్రవారం ప్రార్థన వేళ ఒక శ్వేతజాత్యహంకారి కాల్పులకు 51 మంది బలయ్యారు. వారిలో చాలామంది వలసవచ్చినవారు, శరణార్థులు. మృతులైన భారతీయులలో హైదరాబాదు బిడ్డలూ ఉన్నారు. ప్రధాని జసిండా ఆర్డెర్న్ మొదటి ప్రకటనలోనే మృతులు తమ దేశపు మనుషులేనని చెప్పి, తలపై వస్త్రం కప్పుకుని ఆ కుటుంబాల దగ్గరికి స్వయంగా వెళ్లారు. వారం తిరిగేసరికి మసీదు ఎదుటి మైదానంలో వేలాది మంది సమక్షంలో వినిపించిన అజాన్‌ను దేశమంతటా ప్రసారం చేసి, రెండు నిమిషాల మౌనం పాటించారు. విదేశాల నుంచి అంత్యక్రియలకు రావలసిన బంధువులకు వీసాలు త్వరగా ఇచ్చారు. హైదరాబాదు కుటుంబాలకు అది మాటల సానుభూతి కంటే ఎక్కువ అక్కరకు వచ్చింది. ఢిల్లీ నుంచి, ఇతర రాజధానుల నుంచి వెల్లింగ్టన్‌కు వచ్చిన సంతాప సందేశాలు ఈసారి సరైన చిరునామాకు చేరాయి.

కెనడాలో 2023లో ఒక సర్వే సంస్థ జరిపిన పరిశీలనలో, ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది తమకు కనిష్క దాడి గురించి ఏమీ తెలియదనో, అంతంతమాత్రంగా తెలుసుననో చెప్పారు. ఆ మృతుల్లో అత్యధికుల దేశం అదే. 2025 జూన్ 23న 40వ వర్ధంతికి ఐర్లండ్ ప్రధాని మీహాల్ మార్టిన్, భారతదేశం నుంచి కేంద్ర మంత్రి హర్దీప్ సింగ్ పూరి, కెనడా మంత్రి గ్యారీ ఆనందసంగరి అహకిస్టా తోటకు వచ్చి బాధిత కుటుంబాలతో కలిసి నిలబడ్డారు. వారిలో ఆతిథ్యమిచ్చిన దేశం తరఫున వచ్చినది ఐర్లండ్ ప్రధానే అయినా, ఆ ఉదయపు ఏర్పాట్లు చూసినది మాత్రం అప్పటికి 39 ఏళ్లుగా చూస్తూ వచ్చిన షీప్స్ హెడ్ ప్రజలే.